గోగో దగ్గర దాచిన కాగితాలు

రిగ్గై, కువైట్
20 జనవరి 2008

చిరంజీవి ప్రసాదుకి,

అక్క విజయదుర్గ దీవించి రాసేది. ఫోన్లు వచ్చాక నేను ఎవరికీ ఉత్తరం రాయలేదు. ఈ కలం కూడా పక్కింట్లో పనిచేసే గంగులమ్మని అడిగి తెచ్చుకున్నాను. ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. మొన్న శుక్రవారం నువ్వు మాట్లాడుతుండగా నీ వెనక షట్టరు దించిన చప్పుడు వినబడింది. నాకు ఇక్కడ నాలుగయింది, నీకు మూడు. పట్టపగలు కొట్టు ఎందుకు మూశావంటే వాన అన్నావు. ఆ వెంటనే ఎవరో అరిచారు, ఫోను ఆగిపోయింది. తర్వాత నువ్వే చేసి అంతా బావుందన్నావు. ఫోన్లో నీకు ఎప్పుడూ అంతా బావుంటుంది. కాగితం ముందు కూర్చుంటే అంత తేలిగ్గా అనలేవని రాస్తున్నాను. నువ్వూ రాయి.

ఇక్కడ చలి గట్టిగా ఉంది. మా ఇంటి యజమానురాలు మామాకి మోకాళ్ళు పట్టేశాయి. నమాజు కుర్చీలో కూర్చునే చేసుకుంటోంది. ఆవిడకి నూనె రాసి వచ్చాక నా గదిలో స్వామికి దీపం పెట్టుకుంటాను. తలుపు దగ్గరగా వెయ్యమంటుంది గానీ ఈ పదహారేళ్ళలో ఒక్కసారి కూడా వద్దనలేదు. అందుకు రోజూ ఆవిడ పేరు చెప్పి కూడా దణ్ణం పెట్టుకుంటాను.

నాకు తోచిన మాట ఒకటి చెబుతాను. నువ్వు కొట్టు అద్దెకి తీసుకున్న ఇంటి పెద్దావిడ, గోగో అంటావే, ఆవిడకి నీ పాస్‌పోర్టూ పర్మిట్టూ ఇచ్చి దాచమను. ఇక్కడ మా కాగితాలన్నీ మాకు వీసా ఇచ్చిన కఫీల్ ఇంట్లోనే ఉంటాయి. వచ్చిన రోజు నుంచీ నావి మామా ఇనప్పెట్టెలో ఉన్నాయి. కాగితం ఒక ఇంట్లో ఉంటే మనం ఆ ఇంటి మనిషి కింద లెక్క. పరాయి దేశంలో అదే మనకి నీడ.

నాగదుర్గా పాపా ముమ్మిడివరంలో కులాసాగా ఉన్నారు. మరదలికి నేనేమీ చెప్పలేదు.

నీ అక్క

*

డర్బన్
17 ఫిబ్రవరి 2008

అక్కకి ప్రసాదు నమస్కారాలు.

ఆ రోజు వాన లేదు. నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను.

మా పేటలో ఓ పాతిక కొట్లుంటే అందులో తొమ్మిది బయటి దేశాలవాళ్ళవి. నాది, సోమాలియా వాళ్ళవి, మలావీ దర్జీది, అలాంటివి. విదేశీయులు కొట్లు కట్టేసి వెళ్ళిపోవాలని గోడలకి కాగితాలు అంటించారు. ఆ శుక్రవారం కొందరు కుర్రాళ్ళు రాళ్ళు పట్టుకుని వచ్చారు. గోగో చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆవిడకి డెబ్భై రెండేళ్ళు. వాళ్ళు తిట్టుకుంటూ పోయారు. అంతే జరిగింది.

వాళ్ళ కోపం ఏమిటంటే, మేము చక్కెరా రొట్టే తక్కువకి అమ్ముతామని, కొట్టు ఎక్కువసేపు తెరిచి ఉంచుతామని. ఇంకోటి కూడా ఉంది. ఇక్కడ శనివారం వచ్చిందంటే ఎవరిదో ఒకరిది అంత్యక్రియ. శవం వీధిలోకి వస్తే కొట్లన్నీ షట్టరు దించుతాయి, అందరూ వెంట నడుస్తారు. నేను దించను. పొద్దున్నే స్నానం చేసి దేవుడికి దీపం పెట్టుకున్న మనిషిని, ముక్కూ మొహం తెలియని వాళ్ళ శవం వెనక నడిచి మైల అంటించుకోనా? నువ్వు నేర్పిన ఆచారమే ఇది.

పాస్‌పోర్టు మాట మర్చిపో. ఇక్కడ పోలీసు అడిగితే కాగితం అక్కడికక్కడ చూపించాలి. అయినా కాగితాలు ఇంకొకరి చేతిలో పెట్టడం మీ పనిమనుషుల పద్ధతి అక్కా. నేను ఎవరింట్లోనూ పని చెయ్యడం లేదు. సర్కారు ఇచ్చిన పర్మిట్టుతో సొంత కొట్టు నడుపుకుంటున్నాను.

నీ ఆరోగ్యం చూసుకో.

ప్రసాదు

*

రిగ్గై
14 మార్చి 2008

చిరంజీవి ప్రసాదుకి,

నీ ఉత్తరం వచ్చింది. చదివి మడిచి, గిన్నెలు తోముకుని, మళ్ళీ తీసి చదివాను. పనిమనుషుల పద్ధతి అన్నావు. నేను పనిమనిషినే, అందులో తప్పు రాయలేదు నువ్వు. పాస్‌పోర్టు సంగతి ఇక ఎత్తను. నీ దేశం రూలు నాకు తెలియదు.

కానీ ఆచారం నేనే నేర్పానన్నావు కాబట్టి ఆ మాట ఒక్కటీ చెప్పనీ. మామా భర్త పోయినప్పుడు ఈ ఇంటికి మూడు రోజులు ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. నేను వచ్చి అప్పటికి ఏడేళ్ళు. మైల అని గదిలో కూర్చుందామనే అనుకున్నాను. గంగులమ్మ వచ్చి తలుపు కొట్టింది. నీకు తెలుసుగా, రాయచోటి వైపు మనిషి, ఉన్నమాట మొహం మీదే అనేస్తుంది.

"ఏమిక్కా, ఆయమ్మ మొగుడు సచ్చిపోయి ఆడ కూసోని ఉంటే నువ్వు ఈడ దేవుని పటం ముందర కూసుంటివా? ఏడేండ్లు ఎవురి అన్నం తింటివి?"

లేచి వెళ్ళాను. మూడు రోజులూ చేదు కాఫీ పోసి అందించాను. నాలుగో రోజు తలారా స్నానం చేసి దీపం పెట్టుకున్నాను. స్వామి నన్నేమీ అనలేదు. మామా మాత్రం ఆ రోజు నుంచి నన్ను ఇంట్లో పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. అంతకుముందు చప్పట్లు కొట్టి పిలిచేది.

మైల స్నానంతో పోతుంది నాయనా. కనీసం శవం వెళ్ళేటప్పుడు షట్టరు దించు. వీలైతే నాలుగడుగులు నడువు. చెయ్యకపోయినా నాకు కోపం లేదు.

నీ అక్క

*

డర్బన్
20 ఏప్రిల్ 2008

అక్కా,

ఆ ముక్క రాసినందుకు నన్ను క్షమించు. రాసేటప్పుడు నా మీద నాకున్న కోపం నీ మీద పెట్టాను. నన్ను పదో తరగతి దాకా చదివించింది నువ్వు. నేను అనవలసిన మాట కాదు అది.

నువ్వు సంతోషిస్తావని ఒక పని చేశాను. పోయినవారం కొట్టు వెనక కిటికీ పగలగొట్టి ఎవరో చెయ్యి పెట్టి కెలికారు. పాస్‌పోర్టూ పర్మిట్టూ ఎప్పుడూ కౌంటరు కింద సొరుగులోనే ఉంటాయి. భయం వేసింది. రెండూ ఒక సంచిలో పెట్టి గోగో దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆవిడ మొహం మాడ్చుకుంది.

"ఇవి నాకెందుకు ఇస్తున్నావు? నేను పోలీసునా?"

"మా అక్క దాచమని చెప్పింది గోగో."

"మీ అక్క ఎక్కడ?"

"కువైట్లో."

"ఆ ఊళ్ళో మనుషులందరూ కాగితాలు తీసుకెళ్ళి ముసలమ్మలకి ఇస్తారా?"

"ఇస్తారు."

నవ్వింది గానీ ఆ నవ్వు బాలేదు. చాలాసేపు వద్దంది. నేను బతిమాలితే చివరికి తీసుకుని, చర్చికి వేసుకెళ్ళే బట్టల కింద బిస్కెట్ల డబ్బాలో పెట్టింది. పెడుతూ తన భాషలో ఏదో గొణిగింది. అడిగితే చెప్పలేదు.

అంత్యక్రియలకి మాత్రం ఇంకా వెళ్ళలేదు. శనివారమే బేరం ఎక్కువ. ఈసారి చూస్తాను.

నీ తమ్ముడు

*

రిగ్గై
23 మే 2008

ప్రసాదూ,

ఈ ఉత్తరం ఎవరి చేతికి అందుతుందో తెలియకుండా రాస్తున్నాను. నాలుగు రోజులుగా నీ ఫోను మోగడం లేదు. మామా టీవీలో మీ దేశం చూపించారు. కొట్లు తగలబడుతున్నాయి, దుప్పట్లు నెత్తిన పెట్టుకుని మనుషులు పరిగెడుతున్నారు. ఏ ఊరో నాకు చదవడం రాలేదు. మామా అరబ్బీలో చదివి, మీ తమ్ముడి ఊరు కూడా అంది.

నీ ఏప్రిల్ ఉత్తరం దిండు కింద ఉంది. పోలీసు అడిగితే కాగితం అక్కడికక్కడ చూపించాలని నువ్వే రాశావు. ఇప్పుడు నువ్వు ఎక్కడున్నా నీ ఒంటి మీద కాగితం లేదు. అది నేను చెప్పి చేయించిన పని. పూజలో కూర్చున్నా అదే కళ్ళముందు.

నిన్న వంటింట్లో పొయ్యి దగ్గరే కూలబడ్డాను. మామా కర్ర పట్టుకుని వచ్చింది. ఆవిడ వంటింట్లోకి రావడం తక్కువ.

"ఖలాస్. ఏడుపు చాలు. దొరికిన రోజున ఇక్కడికి పిలుచుకో. నా పెద్దకొడుకు వీసా ఇప్పిస్తాడు. వాళ్ళ గోదాములో పని ఉంది."

నేను ఆవిడ చెయ్యి కళ్ళకద్దుకున్నాను. అడక్కుండానే అంత మాట అన్న మనిషిని ఇచ్చినందుకు స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. గంగులమ్మ కూడా, "ఆయమ్మ నోటితో వీసా అనింది గదక్కా, ఇంగ ఏడ్చేదేంటికి? పిల్చుకో తమ్మున్ని," అంది. వీసాకి నీ పాస్‌పోర్టు కాపీ కావాలట. చూశావా, మళ్ళీ ఆ కాగితం దగ్గరికే వచ్చాం.

ఈ ఉత్తరం గోగో ఇంటికే వేస్తున్నాను. అమ్మా, మీరెవరిచేత చదివించుకున్నా సరే, నా తమ్ముడు ఎక్కడున్నాడో చూడండి. వాడి కాగితాలు మీ దగ్గరే ఉన్నాయి.

విజయదుర్గ

*

చర్చి హాలు, డర్బన్
15 జూన్ 2008

అక్కా,

అరువు ఫోన్లో మూడు నిమిషాలు నా గొంతు విన్నావు. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను. నీ ఉత్తరం గోగో తెచ్చి ఇచ్చింది. తెలుగు కదా, ఎవరూ చదివి పెట్టలేకపోయారట. చివర ఉన్న నీ సంతకం వేలితో చూపించి "మీ అక్క పేరు ఇదేనా?" అని అడిగింది.

మే పంతొమ్మిది సాయంత్రం అయిదింటికి వచ్చారు. ఈసారి వందమంది. షట్టరు దించి వెనక గుమ్మంలోంచి పరిగెత్తాను. నేను వీధి మలుపు తిరిగేసరికి పొగ లేచింది. పోలీసు స్టేషన్లో అప్పటికే పిల్లాపాపలతో రెండు వందలమంది ఉన్నారు. మర్నాడు రెండు వరసలు కట్టించారు. కాగితాలున్నవాళ్ళు ఒకటి, లేనివాళ్ళు ఒకటి. లేనివాళ్ళని బస్సుల్లో తీసుకెళ్ళి వాళ్ళ వాళ్ళ దేశాలకి పంపేస్తారట. నా కాగితాలు ఇంట్లో ఉన్నాయని చెప్పాను. ఆఫీసరు తల కూడా ఎత్తలేదు. "అందరి కాగితాలూ ఇంట్లోనే ఉంటాయి" అన్నాడు. ఫోను కొట్టుతోపాటే పోయింది. రెండు రోజులు ఆ రెండో వరసలో కూర్చున్నాను. అప్పుడు నీ మీద కోపం వచ్చిన మాట నిజం. రాయకుండా ఉండలేను.

గురువారం పొద్దున్న గోగో వచ్చింది. బళ్ళు తిరగడం లేదు, ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చింది. ఎర్ర జాకెట్టు, తెల్ల టోపీ, చర్చి బట్టలు. చంకలో బిస్కెట్ల డబ్బా. ఆఫీసరు చెయ్యి చాపాడు.

"నీకివ్వను. ఆ మనిషి చేతికే ఇస్తాను. అతని చేతిలోంచి నువ్వు తీసుకుని చూడు."

"అమ్మా, ఇది రూలు."

"రూలు నాకు తెలుసు బాబూ. తెల్లవాళ్ళ రోజుల్లో, ఊళ్ళో తిరగడానికి మా నల్లవాళ్ళకి వాళ్ళిచ్చే పాసు జేబులో లేదని నా మొగుణ్ణి పదకొండుసార్లు పట్టుకెళ్ళారు. పదకొండోసారి పాసు ఇంట్లోనే ఉంది. నేను తీసుకెళ్ళేసరికి లారీ వెళ్ళిపోయింది. నువ్వు అప్పటికి పుట్టి ఉండవు."

ఆఫీసరు లేచి నిలబడ్డాడక్కా. గోగో నా దగ్గరికి నడిచి వచ్చి కాగితాలు నా చేతిలో పెట్టింది. నేను ఆయనకి చూపించాను. మొదటి వరసలోకి మార్చారు, తర్వాత ఆ వరసవాళ్ళని తెచ్చి ఈ చర్చి హాల్లో ఉంచారు.

నువ్వు బాధపడకు. ఆ సొరుగు బూడిదయింది. నువ్వు చెప్పకపోతే కాగితాలు అందులోనే కాలిపోయేవి, నేను ఆ బస్సులోనే ఉండేవాణ్ణి. ఇదంతా గోగోకి చెప్పాను. మీ అక్క పుణ్యం అంటుందనుకున్నాను. అనలేదు. "మీ అక్క కాగితం ఎక్కడుందో అడిగి రాయి" అంది. అడుగుతున్నాను.

వీసా సంగతి. మామాకి నా దణ్ణాలు చెప్పు. కానీ ఇప్పుడే ఏమీ ఒప్పుకోకు. ఇరవై ఎనిమిదో తారీకున పేటలో మీటింగు ఉంది. మమ్మల్ని తిరిగి రానివ్వాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది.

ప్రసాదు

*

డర్బన్
20 జూలై 2008

అక్కా,

మీటింగు అయిపోయింది. మమ్మల్ని తిరిగి రానివ్వడానికి ఒప్పుకున్నారు.

స్కూలు హాల్లో ఒక వైపు పేటవాళ్ళు, ఒక వైపు మేము, మధ్యలో కౌన్సిలరూ పోలీసులూ. రెండు గంటలు ధరల మీదే అరుచుకున్నారు. రొట్టే కిరసనాయిలూ అందరూ ఒకే ధరకి అమ్మాలని, అన్ని కొట్లూ ఒకే వేళకి తెరిచి మూయాలని, కొట్లవాళ్ళందరికీ ఒక సంఘం పెట్టాలని, పేటలో కొత్త కొట్టు ఎవరు పెట్టినా ముందు ఆ సంఘానికి చెప్పాలని రాసుకున్నాం. మేమూ సంతకాలు పెట్టాం. సంఘంలో మాలో ఇద్దరికి చోటు ఇచ్చారు. అంతా అయిందనుకున్నాను.

అప్పుడు ఒకావిడ లేచింది. కేకలు వెయ్యలేదు. "మార్చిలో మా అబ్బాయి శవం నీ కొట్టు ముందు నుంచి వెళ్ళింది. నువ్వు ఎవరికో చక్కెర తూస్తున్నావు," అంది.

హాలంతా నా వైపు చూసింది. నేను లేచి నిలబడ్డాను. మా దేశంలో చావు ఇంటికి పోతే మళ్ళీ దేవుడి ముందుకి రావడానికి స్నానం చెయ్యాలని, నేను ఆ స్నానానికి బద్ధకించానని చెప్పాను. మా అక్క వెళ్ళమని రాసినా వెళ్ళలేదని కూడా చెప్పాను. వెనక నుంచి ఒకాయన, "ఈయనకి పేటలో నీళ్ళు లేవేమో," అన్నాడు. నవ్వారు. ఆవిడ నవ్వలేదు గానీ కూర్చుంది.

నిన్న శనివారం వెళ్ళాను. వీధి చివర ముసలాయన పోయాడు. ఇక్కడ గొయ్యి మగవాళ్ళే వంతులవారీగా పూడుస్తారు. నేను వెనకెక్కడో నిలబడ్డాను. జనవరిలో రాయి పట్టుకుని వచ్చిన కుర్రాళ్ళలో ఒకడు తన వంతు అయ్యాక చుట్టూ చూసి, పార తెచ్చి నా చేతికిచ్చాడు. మట్టి వేశాను. ఇంటికి వచ్చి స్నానం చేసి దీపం పెట్టుకున్నాను.

కొట్టు గోడలు నిలిచే ఉన్నాయి. రేకులు వెయ్యాలి. భయం పూర్తిగా పోయిందని రాయను. అయినా ఇక్కడే ఉంటాను. మామాకి వీసా వద్దని నువ్వే మెల్లిగా చెప్పు. నాగదుర్గకి అంతా నేనే ఫోను చేసి చెప్పాను. ఏడ్చింది, తిట్టింది, తర్వాత గోగో ఏం తింటుందని అడిగింది.

గోగో అడిగిన ప్రశ్నకి నువ్వు జవాబు రాయలేదు.

నీ తమ్ముడు

*

రిగ్గై
22 ఆగస్టు 2008

చిరంజీవి ప్రసాదుకి,

నీ ఉత్తరం స్వామి పటం ముందు పెట్టి, దీపం వెలిగించి చదువుకున్నాను. ఆ పార ఇచ్చిన అబ్బాయికి, ఆ లేచి నిలబడ్డ ఆఫీసరుకి, ఆరు కిలోమీటర్లు నడిచిన పెద్దావిడకి, నిన్ను అడిగిన ఆ తల్లికి కూడా పేరుపేరునా దణ్ణం పెట్టుకున్నాను. పేర్లు తెలియని వాళ్ళకి కూడా స్వామి దగ్గర చేరుతుందనుకుంటాను.

గోగో ప్రశ్నకి జవాబు రాయడానికి ముందు ఒక పని చెయ్యాల్సి వచ్చింది. అందుకే ఆలస్యం.

పోయినవారం గురువారం మామా సాయంత్రం అసర్ నమాజు అయి టీ తాగుతుంటే వెళ్ళి కింద కూర్చున్నాను.

"మామా, మా తమ్ముడు రాడు. వీసా వద్దన్నాడు."

"నా కొడుకు ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఎందుకు రాడు?"

"వాళ్ళ పేటవాళ్ళు ఉండమన్నారు మామా."

"కొట్టు తగలబెట్టినవాళ్ళా?"

"తగలబెట్టినవాళ్ళ పక్కింటివాళ్ళు."

ఆవిడ నవ్వింది. పోనీలే, దేవుడు చల్లగా చూడాలి అంది. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది.

"మామా, నా పాస్‌పోర్టు నా దగ్గర పెట్టుకుంటాను."

"ఎప్పుడు వెళ్తున్నావు?"

"ఎక్కడికీ వెళ్ళను."

"మరి ఎందుకు?"

నాకు ఒక్కటే తోచింది. "నాది కదా మామా," అన్నాను.

గ్లాసు పక్కన పెట్టి లేచి గదిలోకి వెళ్ళిపోయింది. రాత్రి అన్నం తినలేదు. మూడు రోజులు నాతో పని మాటలే. తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ చప్పట్లు కొట్టి పిలిచింది. తిరిగి వెళ్ళి వద్దులే అనేద్దామని వంటింటి గుమ్మం దాకా ఎన్నిసార్లు వచ్చానో. ఆ పెద్దావిడ డబ్బా పట్టుకుని నడిచింది గుర్తొచ్చి ఆగిపోయాను.

ఆదివారం పొద్దున్న పేరు పెట్టి పిలిచింది. వెళ్ళేసరికి ఇనప్పెట్టె తెరిచి మంచం మీద కూర్చుని ఉంది. నా పాస్‌పోర్టు ఒళ్ళో ఉంది. ఏడుస్తోంది ప్రసాదూ. భర్త పోయిన మూడు రోజుల్లో కూడా జనం ముందు కన్నీరు పెట్టని మనిషి.

"ఈ పెట్టెలోంచి నేను ఎవరి కాగితాలు తీసినా వాళ్ళు వెళ్ళిపోవడానికే తీశాను. నా పెద్దమ్మాయి, నా చిన్నమ్మాయి, ఇక్కడ పనిచేసిన ఆ సిలోను పిల్ల. నువ్వు అడిగితే నాకు ఇంకేం అర్థమవుతుంది?"

"నేను వెళ్ళడం లేదు మామా."

"ఇప్పుడు."

"ఇప్పుడు," అన్నాను. అబద్ధం ఆడలేకపోయాను.

ఆవిడ చేత్తోనే నా చేతిలో పెట్టింది. నేను ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాను. తర్వాత, "యల్లా, లే, నూనె తీసుకురా," అంది.

గంగులమ్మకి చెబితే నోరు నొక్కుకుంది. "యాడ పెట్టుకుంటావక్కా, మన రూములకు గొళ్ళెం గూడా ల్యాకపాయె," అంది. స్వామి పటం వెనక పెట్టానన్నాను. ఈ శుక్రవారం కలిసినప్పుడు, "నేనూ అడిగేదాక్కా?" అంది. నీ ఇష్టం, మెల్లిగా అడుగు అన్నాను.

గోగోకి చెప్పు, నా కాగితం నా దగ్గర ఉందని. ఆవిడ అడగకపోతే నేను ఎప్పటికీ అడిగేదాన్ని కాదని కూడా చెప్పు.

ఈ ఉత్తరాలన్నీ దాచు. తడి తగలకుండా పెట్టు. కానీ ఎవరికీ చూపించకు, నాగదుర్గకి కూడా. నీ సంగతులు నువ్వు ఆమెకి చెప్పావు, మంచి పని. ఈ ఇంటి సంగతి వేరు. మామా నన్ను నమ్మి నా ముందు ఏడ్చింది. ఆ ఏడుపు ఆవిడ కోడళ్ళకి కూడా తెలియదు. నేను మోయలేక నీకు రాశాను. అది మనిద్దరి మధ్యే ఉండనీ.

నీ అక్క
విజయదుర్గ